క్యామ్‌షాఫ్ట్ మార్చే ముందు ఇంజిన్‌ను గుర్తుపట్టడం: ప్రసంగ పాఠం

మిత్రులందరికీ నమస్కారం. మోటార్‌సైకిల్ ఇంజిన్‌కు కొత్త క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వ్‌లను తెరిచి మూసే ఇరుసు, ఎంచుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ చర్చ సాధారణంగా "ఏ క్యామ్ మంచిది?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్నకు అలా విడిగా జవాబు ఉండదు. ఏ ఇంజిన్‌కు, ఎంత కంప్రెషన్‌తో (సిలిండర్‌లో గాలిని ఎంతగా అదుముతామన్న కొలతతో), ఏ వేగాల మధ్య నడిపేవారికి అన్న మూడు సంగతులు జత చేసినప్పుడే దానికి అర్థం వస్తుంది. నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. క్యాటలాగు తెరవగానే అందరి చూపూ లిఫ్ట్, అంటే వాల్వ్ ఎంత ఎత్తు తెరుచుకుంటుందన్న అంకె మీద పడుతుంది, కానీ ఇంజిన్ స్వభావాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకునే సమయం. ఆ సమయం మనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవాలంటే, మన చేతిలో ఉన్న ఇంజిన్ ఆ కుటుంబంలో ఏ రకమో ముందు నిక్కచ్చిగా తెలియాలి. అందుకే ఈ ప్రసంగంలో మొదటి భాగం ఇంజిన్ల గురించి, మిగిలినది క్యామ్‌ల గురించి.

బండి పేరు చూసి ఇంజిన్‌ను గుర్తుపట్టవచ్చు అనుకోవడం పెద్ద ప్రమాదం. మనందరికీ తెలిసిన బుల్లెట్ 350నే తీసుకోండి. ఆ పేరుతో వచ్చిన బండ్లలో పోత ఇనుము సిలిండర్ ఉన్న పాత పుష్‌రాడ్ ఇంజిన్ ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఇమిడి, హైడ్రాలిక్ టాపెట్లతో వచ్చిన యూసీఈ ఇంజిన్ ఉంది. 2020లో మీటియర్‌తో మొదలై 2023లో బుల్లెట్‌కు కూడా చేరిన జే శ్రేణి ఇంజిన్ ఉంది. మొదటి రెండింటిలోనూ బోర్, అంటే సిలిండర్ వ్యాసం, 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 346 సీసీ. జే శ్రేణిలో బోర్ 72, స్ట్రోక్ 85.8, ఘనపరిమాణం 349 సీసీ. కాగితం మీద మూడు సీసీల తేడా మాత్రమే కనిపిస్తుంది గానీ, మొదటివాటిలో పిస్టన్ తిప్పే ఇరుసు అయిన క్రాంక్ పక్కన పళ్లచక్రాలతో తిరిగిన క్యామ్‌లు, చివరిదానిలో గొలుసుతో తిరుగుతూ సిలిండర్ హెడ్ మీదికి చేరాయి. ఒకదాని క్యామ్ గురించి విన్న మాటను మరొకదానికి అన్వయించుకుంటే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతాయి.

కాబట్టి క్యామ్ ఎక్కడ కూర్చుంటుందన్నది మొదటి వర్గీకరణ. పుష్‌రాడ్ ఇంజిన్‌లో క్యామ్ కింద, క్రాంక్‌కు దగ్గరగా ఉంటుంది. దాని కదలిక క్యామ్‌కు ఆనుకుని ఉండే టాపెట్‌కు, అక్కడి నుంచి పుష్‌రాడ్ అనే పొడుగు కడ్డీకి, దాని నుంచి రాకర్ అనే మీటకు చేరి, చివరికి వాల్వ్‌ను తెరుస్తుంది. రాకర్ ఆ కదలికను పెంచుతుంది కూడా. హార్లే డేవిడ్‌సన్ వారి ఎవల్యూషన్, ట్విన్ క్యామ్ ఇంజిన్లలో రాకర్ నిష్పత్తి సుమారు 1.625 కాబట్టి, లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) మీద 8 మిల్లీమీటర్ల ఎత్తు వాల్వ్ దగ్గర 13 మిల్లీమీటర్లు అవుతుంది. అందువల్ల క్యాటలాగులో ఇచ్చిన లిఫ్ట్ లోబ్ దగ్గరిదా, వాల్వ్ దగ్గరిదా అని మొదటే చూసుకోవాలి. హెడ్ మీద ఒకే క్యామ్ ఉన్న ఇంజిన్లలో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌లు ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి కనుక వాటి మధ్య కోణం తయారీలోనే స్థిరపడిపోతుంది. రెండు క్యామ్‌లు ఉన్న ఇంజిన్లలో ఇన్‌లెట్ షాఫ్ట్ వేరు, ఎగ్జాస్ట్ షాఫ్ట్ వేరు. బోల్టు రంధ్రాలు సాగదీసిన స్ప్రాకెట్లు వేస్తే ఒక్కోదాన్ని విడిగా ముందుకో వెనక్కో తిప్పుకోవచ్చు. డుకాటీ వారి డెస్మోడ్రోమిక్ పద్ధతిలో వాల్వ్‌ను మూయడానికి కూడా ఒక లోబ్, ఒక రాకర్ ఉంటాయి గనుక స్ప్రింగుల గురించి నేను తర్వాత చెప్పేదంతా దానికి అలాగే వర్తించదు.

ఒక కుటుంబాన్ని తీసుకుని లోతుగా చూస్తే ఈ రకాల ప్రాముఖ్యం బాగా తెలుస్తుంది. క్యామ్ మార్పిడి గురించి ప్రపంచవ్యాప్తంగా విరివిగా చర్చ జరిగే హార్లే పెద్ద వీ-ట్విన్‌లనే తీసుకుందాం. 1984లో వచ్చిన 1340 సీసీ ఎవల్యూషన్ ఇంజిన్‌లో పళ్లచక్రంతో తిరిగే ఒకే క్యామ్ ఉంది, దాని మీద నాలుగు లోబ్‌లు. అదే పేరు పంచుకున్న స్పోర్ట్‌స్టర్ ఇంజిన్లలో నాలుగు విడి క్యామ్‌లు, ఒక్కోదానికి ఒక్కో లోబ్. 1999 మోడల్‌తో వచ్చిన ట్విన్ క్యామ్ 88లో గొలుసులతో తిరిగే రెండు క్యామ్‌లు, సిలిండర్‌కు ఒకటి చొప్పున. 2017 మోడల్‌తో వచ్చిన మిల్వాకీ-ఎయిట్‌లో మళ్లీ ఒకే క్యామ్, కానీ హెడ్‌కు నాలుగు వాల్వ్‌లు. నాలుగింటి రూపం బయటికి ఒకే వంశపు పోలికతో ఉన్నా, ఒకదాని క్యామ్ మరొకదానిలో ఇమడదు.

ట్విన్ క్యామ్ లోపలే ఇంకా సూక్ష్మమైన భేదాలు ఉన్నాయి, అసలు పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఈ పేర్లలోని అంకెలు ఘన అంగుళాలలో ఇంజిన్ పరిమాణాన్ని చెబుతాయి. 88 అంటే 95.25 మిల్లీమీటర్ల బోర్, 101.6 స్ట్రోక్, సుమారు 1450 సీసీ. 96లో బోర్ అదే, స్ట్రోక్ 111.1కి పెరిగి 1584 సీసీ అయింది. 103లో ఆ స్ట్రోక్‌నే ఉంచి బోర్‌ను 98.4కి పెంచారు, 1690 సీసీ. 110లో బోర్ 101.6కి చేరింది, 1802 సీసీ. ఈ అంకెలతో పాటు క్యామ్ గదిలో కూడా ఒక పెద్ద మార్పు జరిగింది. తొలి ట్విన్ క్యామ్‌లలో గొలుసును స్ప్రింగ్ బలంతో నొక్కి ఉంచే టెన్షనర్ షూలు ఉండేవి, అవి అరిగిపోయి ముక్కలు ఆయిల్‌లో కలవడం వాటికి బాగా తెలిసిన బలహీనత. 2007 మోడల్ నుంచి, డైనా శ్రేణిలో అయితే 2006 నుంచే, హైడ్రాలిక్ టెన్షనర్లు, రోలర్ గొలుసులు, మెరుగైన ఆయిల్ పంపు వచ్చాయి. ఈ మార్పుకు ముందరి క్యామ్‌లు, తర్వాతి క్యామ్‌లు ఒకదాని స్థానంలో ఒకటి నేరుగా సరిపోవు. అంటే 2006 బండి అన్నంత మాత్రాన సరిపోదు, అది డైనా అవునా కాదా అని కూడా తెలియాలి. వాల్వ్ స్ప్రింగులు సైతం 2005 మోడల్ నుంచి మారాయి. ఒకే పేరు మోస్తున్న ఇంజిన్‌లో మోడల్ సంవత్సరం, శ్రేణి, ఘనపరిమాణం మూడూ కలిపి రాసుకోకుండా క్యామ్ కొనకూడదు. ఇంతకుముందు యజమాని బోర్ పెంచారో, హెడ్ అడుగుభాగం చెక్కించారో, పిస్టన్లు మార్చారో కూడా తెలుసుకుని ఆ కాగితం మీదే చేర్చాలి.

ఇక క్యామ్ చేసే పని దగ్గరికి వద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కానీ వాల్వ్‌లు తెరిచి మూసే కోణాలను క్రాంక్ డిగ్రీలలోనే చెబుతారు. ఒక ఉదాహరణ కల్పించుకుందాం. పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు ఇన్‌లెట్ తెరుచుకుని, పిస్టన్ కిందికి చేరి మళ్లీ 50 డిగ్రీలు పైకి వచ్చాక మూసుకుంటే, అది తెరిచి ఉన్న వ్యవధి 20, 180, 50 కలిపి 250 డిగ్రీలు. ఎగ్జాస్ట్ వాల్వ్ పిస్టన్ కిందికి చేరడానికి 55 డిగ్రీల ముందు తెరుచుకుని, పైకి చేరిన తర్వాత 15 డిగ్రీలకు మూసుకుంటే దానిదీ 250 డిగ్రీలే. పైభాగంలో 20, 15 కలిపి 35 డిగ్రీల పాటు రెండు వాల్వ్‌లూ తెరిచే ఉంటాయి, దాన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. ఈ క్యామ్‌ను మొదటి క్యామ్ అందాం. రెండో క్యామ్‌లో ఇన్‌లెట్ 30 డిగ్రీల ముందు తెరుచుకుని 70 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ 70 ముందు తెరుచుకుని 30 తర్వాత మూసుకుంటుంది. అప్పుడు వ్యవధి 280, ఓవర్‌ల్యాప్ 60.

ఈ నాలుగు సంఘటనలలో ఇన్‌లెట్ మూసుకోవడాన్నే నేను ఎందుకు ముందు పెడుతున్నానో కాస్త వివరంగా చెప్పాలి. పిస్టన్ కింది నుంచి పైకి తిరగడం మొదలుపెట్టిన తర్వాత కూడా ఇన్‌లెట్ తెరిచే ఉంటుంది. కాలువలో నీరు పరుగు అందుకున్నప్పుడు తూము కొంచెం ఆలస్యంగా మూస్తే మడి మరింత నిండుతుంది, పరుగు లేనప్పుడు ఆలస్యం చేస్తే మడిలోని నీరే వెనక్కి పోతుంది. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు ఇన్‌లెట్ మార్గంలోని గాలికి ఊపు ఉంటుంది కాబట్టి, పిస్టన్ ఎదురు వస్తున్నా అది లోపలికే దూసుకొస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు, అప్పటికే సిలిండర్‌లో నిండిన గాలిని పిస్టన్ వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి ఆలస్యంగా మూసే క్యామ్ పైవేగాల్లో బలం ఇచ్చి కింది వేగాల్లో తీసుకుంటుంది, తొందరగా మూసే క్యామ్ అందుకు సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది.

దీన్ని లెక్క కట్టి చూపించవచ్చు. స్ట్రోక్ 100 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 190 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 9 ఉన్న ఒక ఇంజిన్‌ను ఊహించుకోండి. ఇన్‌లెట్ 50 డిగ్రీల దగ్గర పూర్తిగా మూసుకుంటే అప్పటికి పిస్టన్ సుమారు 14 మిల్లీమీటర్లు పైకి వచ్చేసి ఉంటుంది, నిజంగా గాలిని అదిమే స్ట్రోక్ 86 మిల్లీమీటర్లే. దాని ప్రకారం లెక్కించిన వాస్తవ కంప్రెషన్ 7.9 దగ్గర వస్తుంది. అదే ఇంజిన్‌లో 70 డిగ్రీల దగ్గర మూసుకునే రెండో క్యామ్ వేస్తే అదిమే స్ట్రోక్ 73 మిల్లీమీటర్లకు పడిపోయి, వాస్తవ కంప్రెషన్ 6.8 అవుతుంది. ఏ పిస్టనూ, ఏ హెడ్డూ మార్చకుండా క్యామ్ ఒక్కటి మార్చినందుకే ఇంత తేడా వస్తుంది. పోయిన కంప్రెషన్‌ను తిరిగి తెచ్చుకోవాలంటే నిష్పత్తిని 9 నుంచి దాదాపు 10.4కి పెంచాలి. "పెద్ద క్యామ్ వేశాక బండి పికప్ పోయింది" అన్న ఫిర్యాదుల వెనుక చాలాసార్లు ఉన్నది ఈ లెక్కే. దీనికి రెండో వైపు కూడా ఉంది. కంప్రెషన్ బాగా పెంచిన ఇంజిన్‌లో త్వరగా మూసుకునే చిన్న క్యామ్ వేస్తే, కింది వేగాల్లో బరువు లాగేటప్పుడు నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలడం, మొదలై పిస్టన్లకే ముప్పు వస్తుంది. క్యామ్, కంప్రెషన్ విడివిడిగా కొనే వస్తువులు కావు. వాటిని జంటగానే ఎంచుకోవాలి.

ఇంజిన్ రకం తెలియాలని మొదట్లో ఎందుకు అన్నానో ఇప్పుడు మరింత స్పష్టమవుతుంది. ఒకే కోణాలున్న క్యామ్‌ను 88లోనూ, 110లోనూ వేశామనుకోండి. 110 ప్రతి చుట్టుకూ నాలుగో వంతు ఎక్కువ గాలిని పీల్చాలి. హెడ్డు, వాల్వ్‌లు అదే నిష్పత్తిలో పెరగకపోతే దానికి ఊపిరి ముందే అందకుండా పోతుంది, బలం గరిష్ఠానికి చేరే వేగం కిందికి జరుగుతుంది. చిన్న ఇంజిన్‌లో దుడుకుగా అనిపించిన క్యామ్ పెద్ద ఇంజిన్‌లో నెమ్మదస్తుడిలా ప్రవర్తిస్తుంది. పిస్టన్ వేగం సంగతి కూడా ఉంది. 5500 ఆర్‌పీఎం దగ్గర 101.6 స్ట్రోక్ ఉన్న ఇంజిన్ పిస్టన్ సగటు వేగం సెకనుకు 18.6 మీటర్లు, 111.1 స్ట్రోక్ ఉన్నదానిలో 20.4 మీటర్లు. పొడుగు స్ట్రోక్ ఇంజిన్‌ను పైవేగాలకు పరుగెత్తించే క్యామ్‌తో కూర్చితే యంత్రానికి పడే భారం అదనం. అందుకే ఒక మిత్రుడి 103లో అద్భుతంగా ఉన్న క్యామ్ మన 88లో అలాగే ఉంటుందని నమ్మవద్దు. అతని అనుభవం నిజమే అయినా అది వేరే ఇంజిన్ గురించి చెప్పిన మాట.

ఓవర్‌ల్యాప్, లోబ్‌ల మధ్య కోణం గురించి క్లుప్తంగా చెబుతాను. ఇన్‌లెట్ పూర్తిగా తెరుచుకునే బిందువు, ఎగ్జాస్ట్ పూర్తిగా తెరుచుకునే బిందువు పిస్టన్ పైస్థానానికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాయో చూసి, ఆ రెండింటి సగటు తీసుకుంటే లోబ్‌ల మధ్య కోణం వస్తుంది. మన మొదటి క్యామ్‌లో అవి 105, 110 కాబట్టి కోణం 107.5. రెండో క్యామ్‌లో రెండూ 110, కోణం 110. గమనించండి, రెండో దాని కోణం కొంచెం ఎక్కువే అయినా ఓవర్‌ల్యాప్ మాత్రం 35 నుంచి 60కి పెరిగింది. "కోణం ఎక్కువైతే ఐడ్లింగ్ శాంతంగా ఉంటుంది" అన్న నానుడి వ్యవధి సమానంగా ఉన్నప్పుడే నిలుస్తుంది. ఓవర్‌ల్యాప్ పెరిగితే నెమ్మదిగా తిరిగేటప్పుడు కాలిన వాయువు ఇన్‌లెట్ వైపు చొరబడుతుంది, ఐడ్లింగ్ గరుకవుతుంది, ఇన్‌లెట్ మార్గంలోని పీడనం అస్థిరమవుతుంది. కార్బురేటర్ ఉన్న బండిలో జెట్లు సరిచూసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇన్‌లెట్ పీడనాన్ని కొలిచి పెట్రోలు పాళ్లు నిర్ణయించే ఇంజెక్షన్ బండిలో మాత్రం కంప్యూటర్‌కు అందే సంకేతమే మారిపోతుంది కాబట్టి, ఇంధన పట్టికను కొత్తగా రాయించక తప్పదు. ఆ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

క్యాటలాగులు పోల్చేటప్పుడు ఒక వల ఉంటుంది, అందులో అనుభవజ్ఞులు కూడా చిక్కుకుంటారు. వాల్వ్ ఎంత కదిలాక "తెరుచుకుంది" అని రాయాలన్న విషయంలో అందరూ ఒకే నియమం పాటించరు. కొందరు టాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు కదిలిన దగ్గర కొలుస్తారు. కొందరు 0.053 అంగుళం దగ్గర, మరికొందరు ఒక మిల్లీమీటరు దగ్గర, ఇంకొందరు వాల్వ్ తన సీటును, అంటే మూసుకున్నప్పుడు ఆనుకునే చోటును, వదిలిన దగ్గర నుంచే కొలుస్తారు. ఒకే క్యామ్‌ను సీటు దగ్గర కొలిస్తే 280 డిగ్రీలు అని, 1.27 దగ్గర కొలిస్తే 240కి అటూ ఇటూ అని రావచ్చు. కొలిచిన చోటు తెలియకుండా రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం నిష్ప్రయోజనం. ఇందాకటి వాస్తవ కంప్రెషన్ లెక్కకు సీటు దగ్గర కొలిచిన కోణమే కావాలి. 1.27 దగ్గరి అంకెతో లెక్కిస్తే కంప్రెషన్ నిజం కంటే ఎక్కువగా కనబడుతుంది.

లిఫ్ట్‌ను నేను తక్కువ చేసి చూస్తున్నానని అనుకోవద్దు. వాల్వ్ చుట్టూ ఏర్పడే సందు వైశాల్యం, వాల్వ్ వైశాల్యంతో సమానం కావాలంటే లిఫ్ట్ వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతు ఉండాలి. ఇది సులువైన జ్యామితి. 46 మిల్లీమీటర్ల వాల్వ్ అయితే 11.5 మిల్లీమీటర్లు. ఆపైన పెంచే లిఫ్ట్ వల్ల లాభం పోర్టు, అంటే హెడ్డులో గాలి వెళ్లే దారి, ఆకారం మీద ఆధారపడుతుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న హెడ్డులో పోర్టు అంతకుముందే తన హద్దుకు చేరుకుంటే, అదనపు లిఫ్ట్ కొనుక్కోవడం స్ప్రింగులను శిక్షించడమే అవుతుంది. హెడ్డుకు పోర్టింగ్ పని, అంటే ఆ దారిని సరిదిద్దే పని, చేయించినవారికి మాత్రమే పెద్ద లిఫ్ట్ పూర్తి ఫలితం ఇస్తుంది.

లిఫ్ట్ పెరిగినకొద్దీ యాంత్రికమైన పరీక్షలు పెరుగుతాయి, ఇక్కడ ఎవరి మాటా నమ్మకుండా కొలిచి చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలే దశకు ముందు సుమారు 1.5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. స్ప్రింగును పట్టి ఉంచే పైబిళ్ల, గైడు మీది ఆయిల్ సీలు మధ్య కూడా అంతే. పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఇన్‌లెట్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, వేడికి ఎక్కువ సాగే ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉంచడం సాధారణ నియమం. పిస్టన్ మీద మెత్తని మట్టి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్డు విప్పి, ఆ ముద్ద మందం కొలిస్తే ఈ ఖాళీ తెలిసిపోతుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న క్యామ్‌లతో రెండు వాల్వ్‌లు పైస్థానం దగ్గర ఒకదానికొకటి తగిలే అవకాశం కూడా ఉంది, దాన్ని చాలామంది చూడరు. తొలి ట్విన్ క్యామ్ స్ప్రింగులతో 0.510 అంగుళం, అంటే దాదాపు 13 మిల్లీమీటర్ల లిఫ్ట్ వరకు ఉన్న క్యామ్‌లను హెడ్డు విప్పకుండా వేసుకోవచ్చని చెబుతారు. అది కంపెనీ అమరిక చెక్కుచెదరని ఇంజిన్‌కు వర్తించే మాట. వాల్వ్ సీట్లు గీయించినా, హెడ్డు అడుగుభాగం చెక్కించినా ఆ హామీ మిగలదు.

చిన్న, వేగంగా తిరిగే ఇంజిన్ల సంగతి కొంత వేరు. సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లు, హెడ్డు మీద రెండు క్యామ్‌లు ఉన్న ఇంజిన్‌లో తయారీదారులు అప్పటికే పైవేగాలకు అనువైన క్యామ్‌నే వేసి ఉంటారు. అటువంటి ఇంజిన్‌కు కొత్త క్యామ్ కొనేకంటే, రంధ్రాలు సాగదీసిన స్ప్రాకెట్లు వేసి, ఉన్న క్యామ్‌లనే కొన్ని డిగ్రీలు జరిపి చూడటం నాకు నచ్చిన మార్గం. ఇన్‌లెట్ క్యామ్‌ను నాలుగు క్రాంక్ డిగ్రీలు ముందుకు జరిపితే 70 దగ్గర మూసుకునేది 66 దగ్గర మూసుకుంటుంది, కింది వేగాల బలం కొంత తిరిగి వస్తుంది. అయితే ఇన్‌లెట్ తెరుచుకోవడం కూడా అంతే ముందుకు జరుగుతుంది గనుక పిస్టన్‌తో ఖాళీని మళ్లీ కొలవాలి. ఈ రాజీ పడవలసిన అవసరాన్నే తొలగించాలని తయారీదారులు మార్గాలు వెతికారు. 155 సీసీ యమహా ఆర్15 మూడో తరంలో 7400 ఆర్‌పీఎం దగ్గర ఇన్‌లెట్ వాల్వ్‌లు ఒక లోబ్ నుంచి మరో లోబ్‌కు మారతాయి. 2017 సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్1000లో ఉక్కు గోలీలు అపకేంద్ర బలంతో బయటికి జరిగి పైవేగాల్లో ఇన్‌లెట్ క్యామ్‌ను వెనక్కి తిప్పుతాయి. 2018లో బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్‌తో షిఫ్ట్‌క్యామ్ వచ్చింది, అందులో ఇన్‌లెట్ క్యామ్‌షాఫ్టే పక్కకు జరిగి వాల్వ్‌లను వేరే లోబ్‌లకు మారుస్తుంది. ఇలాంటి ఇంజిన్లలో క్యామ్ మార్చాలనుకునేవారికి నా సలహా, దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

ఇప్పుడు ఎంపిక. మీరు రోజూ ఏ గేరులో, ఏ ఆర్‌పీఎం మధ్య బండి నడుపుతారో టాకోమీటర్ చూసి కొన్ని రోజులు రాసుకోండి. ఇది కుర్చీలో కూర్చుని ఊహించవలసిన విషయం కాదు. ఎందుకంటే అందరం మనం నడిపే వేగాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటాం. బలం అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగించగా వచ్చే కిలోవాట్లు. ఒక క్యామ్ 3000 దగ్గర 100 న్యూటన్ మీటర్లు, 5500 దగ్గర 75 ఇస్తుందనుకోండి. అప్పుడు ఆ రెండు చోట్లా బలం 31.4, 43.2 కిలోవాట్లు. ఇంకో క్యామ్ 3000 దగ్గర 85, 5500 దగ్గర 90 ఇస్తే 26.7, 51.8 కిలోవాట్లు. ప్రకటనలో రాసేది 51.8 అన్న అంకెనే. కానీ ఇద్దరు మనుషులు, సామానుతో 3000 దగ్గర ఎత్తు ఎక్కేవారికి రెండో క్యామ్ ప్రతిరోజూ దాదాపు 5 కిలోవాట్లు తీసుకుపోతుంది. బరువైన దూరప్రయాణపు బండికి ఇన్‌లెట్ తొందరగా మూసుకునే, మితమైన లిఫ్ట్ ఉన్న క్యామ్‌నే నేను సిఫారసు చేస్తాను. రెండు క్యామ్‌ల మధ్య తేల్చుకోలేకపోతే చిన్నదే తీసుకోండి. సైలెన్సర్, గాలి వడపోత మార్చకుండా పెద్ద క్యామ్ వేస్తే అది తీసుకోగలిగిన గాలి దానికి అందదు. అలాగే ఉద్గార నిబంధనలు, వారంటీ షరతులు ఏమంటున్నాయో పని మొదలుపెట్టే ముందే చదువుకోవాలి.

బిగించే పనిలో రెండు మూడు విషయాల మీద మాత్రం శ్రద్ధ పెట్టమని కోరుతున్నాను. పాత క్యామ్ విప్పే ముందు, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, రెండు సిలిండర్ల కంప్రెషన్‌ను గేజితో కొలిచి రాసుకోండి. కొత్త క్యామ్ తర్వాత అదే విధంగా కొలిస్తే ఇన్‌లెట్ మూసుకునే సమయం గురించి నేను చెప్పిందంతా మీ గేజి మీదే కనబడుతుంది. హైడ్రాలిక్ టాపెట్లతో సర్దుబాటు పుష్‌రాడ్లు వేసేటప్పుడు, ఒక్కోదాన్ని సర్దిన తర్వాత టాపెట్‌లోని ఆయిల్ దిగి వాల్వ్ సీటు మీద కూర్చునేదాకా ఆగకుండా క్రాంక్ తిప్పితే పుష్‌రాడ్ వంగవచ్చు, వాల్వ్ పిస్టన్‌కు తగలవచ్చు. చేత్తో తిప్పినప్పుడు పుష్‌రాడ్ స్వేచ్ఛగా తిరగడమే అది దిగిందనడానికి గుర్తు. వీలున్నవారు డిగ్రీ చక్రం, డయల్ గేజి పెట్టి ఇన్‌లెట్ మూసుకునే కోణం క్యాటలాగులో రాసినట్టే ఉందో లేదో చూడాలి. పళ్లచక్రాల మీది టైమింగ్ గుర్తులు సరిగ్గా కలిపామన్న నమ్మకం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఒక్క పన్ను తప్పినా కోణం చాలా డిగ్రీలు మారిపోతుంది.

ప్రసంగానికి ముందు ఒకరు చీటీ పంపారు. తొలి ట్విన్ క్యామ్ 88లో క్యామ్ మారుస్తున్నప్పుడు గొలుసులు తీసేసి పళ్లచక్రాలు వేసుకోవడం మంచిదేనా అని అడిగారు. ప్రశ్న చాలా సమయోచితమైనది, ఎందుకంటే ఆ ఇంజిన్‌లో క్రాంక్ నుంచి వెనుక క్యామ్‌కు బయటి గొలుసు, అక్కడి నుంచి ముందు క్యామ్‌కు లోపలి గొలుసు ఉంటాయి, రెండింటికీ అరిగే షూలు ఉంటాయి. లోపలిది క్యామ్‌లను పట్టి ఉంచే క్యామ్ ప్లేటు విప్పితే గానీ కనబడదు. క్యామ్ మార్చడానికి ఆ గది తెరిచినప్పుడు షూలను చూడకుండా మూయడం క్షమించరాని అజాగ్రత్త. పళ్లచక్రాలు వేస్తే షూల బెడద పూర్తిగా పోతుంది, వాల్వ్‌ల టైమింగ్ కూడా నిలకడగా ఉంటుంది. కానీ ఈ ఇంజిన్ క్రాంక్ ముక్కలుగా చేసి బలంగా నొక్కి బిగించినది, దాని చివర కొద్దిగా వంకర తిరిగే అవకాశం ఉంటుంది. ఆ వంకరను గొలుసు సహిస్తుంది, పళ్లచక్రాలు సహించవు, కాబట్టి డయల్ గేజి పెట్టి క్రాంక్ చివరను నెమ్మదిగా తిప్పుతూ కొలవాలి. ఊగిసలాట 0.003 అంగుళం, అంటే 0.076 మిల్లీమీటర్ల లోపు ఉంటే పళ్లచక్రాలు వేసుకోవచ్చు. దాటితే తర్వాతి తరం హైడ్రాలిక్ టెన్షనర్లు, వాటికి తగిన క్యామ్ ప్లేటు వేసుకోవాలి. అప్పుడు క్యామ్‌లు కూడా ఆ ప్లేటుకు సరిపడేలా తయారైనవే తెప్పించాలి గనుక, ఈ కొలత తీసుకున్న తర్వాతే క్యామ్‌కు ఆర్డరు పెట్టండి.